సద్గుణాల జాబితాలు ఒకేలా ఉన్నప్పుడు క్రైస్తవానికీ బౌద్ధానికీ తేడా ఎక్కడ?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మ చిన్నప్పటి నుంచీ చర్చికి వెళ్తారు, నాన్న అంబేద్కర్‌ను చదివి బౌద్ధం తీసుకున్నారు. ఇంట్లో ఇద్దరూ చెప్పే మంచి ఒకేలా వినిపిస్తుంది: దయ, ఓర్పు, నిజాయితీ, ఆశను అదుపులో పెట్టుకోవడం. గలతీయులకు రాసిన పత్రికలోని తొమ్మిది ఆత్మఫలాలనూ (పవిత్రాత్మ మనిషిలో పండించే గుణాలు) బౌద్ధుల పది పారమితలనూ (సాధనతో పరిపూర్ణం చేసుకునే గుణాలు) పక్కపక్కన రాసుకుంటే కొన్ని అచ్చంగా కలిసిపోతున్నాయి. ఇది మాటల తేడానేనా, లోపల నిజంగా ఏమైనా ఉందా? సద్గుణ నీతి అనే చట్రంలో రెండిటినీ పెట్టి పోల్చవచ్చా? చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా అడిగారు, అమ్మ మైత్రీ భావన, అంటే అందరి మేలూ కోరుకునే బౌద్ధ ధ్యానం, చేస్తే తప్పా అని. దాని దగ్గరికి చివర్లోనే వస్తాను.

పోల్చవచ్చు. కాకపోతే జాబితాలు పోలిస్తే ఏమీ తేలదు. ప్రపంచంలో ఏ సంప్రదాయమూ ‘అబద్ధాలాడు, పక్కవాణ్ణి తొక్కేయ్’ అని నేర్పదు కాబట్టి జాబితాలు ఎలాగూ కలుస్తాయి. చూడాల్సినవి రెండు. ఆ గుణం మనిషిలోకి ఎలా వస్తుందని వాళ్లు నమ్ముతున్నారు? అది పాడైపోతే ఏ మందు వేస్తున్నారు? ఫిలాసఫీ పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి గనుక నాకు కనిపించింది చెప్తాను. క్రైస్తవంలో సద్గుణం ఎప్పుడూ ఒకరి ఎదుట నిలబడి ఉంటుంది. అవతల పిలిచేవాడు, పలికేవాడు ఒకడున్నాడు. బౌద్ధంలో సద్గుణం కారణాల మీద చేసే పని. ఏ కారణం వల్ల ఏ మనసు పుడుతుందో తెలుసుకుని, ఆ కారణాన్ని మార్చడం. మిగతా తేడాలు చాలావరకు ఈ ఒక్కదాని నుంచే వస్తాయి.

ముందు చట్రం సంగతి. ఏ పని చేయాలి, ఏది కూడదు అన్న నియమాలతో మొదలుపెట్టకుండా, ఎలాంటి మనిషిగా తయారవ్వాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టేదే సద్గుణ నీతి. పాశ్చాత్యంలో దీనికి మూలపురుషుడు అరిస్టాటిల్. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఆ చట్రాన్ని తీసుకుని బైబిలుతో కలిపాడు. వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే నాలుగు గ్రీకు గుణాలకు పౌలు చెప్పిన విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడింటిని చేర్చాడు. బౌద్ధం విషయంలో ఈ మాట గట్టిగా అన్నది డేమియన్ కియోన్ అనే పండితుడు, 1992లో. బౌద్ధ నీతి అరిస్టాటిల్ నీతికి దగ్గరగా ఉంటుందనీ, శీలం నిర్వాణానికి వెళ్లే దారిలో వాడి పారేసే సాధనం కాదనీ, నిర్వాణంలో అదీ ఒక భాగమేననీ ఆయన వాదన. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. ముఖ్యంగా మహాయానంలో, ప్రాణుల దుఃఖం ఎంత తగ్గిందన్న ఫలితమే అసలు కొలత అంటారు వాళ్లు. ఆ గొడవలోకి దిగను. మీ ప్రశ్నకు కియోన్ చట్రం సరిపోతుంది. బుద్ధుడి బోధల పాలి సంకలనాల్లో ఒకటైన దీర్ఘ నికాయంలోని సోణదండ సుత్తం (సుత్తం అంటే ఒక బోధ) కూడా ఆయనకే బలం: ఒక చేయి ఇంకో చేతిని కడిగినట్టు శీలం ప్రజ్ఞను కడుగుతుంది, ప్రజ్ఞ శీలాన్ని కడుగుతుంది అంటుందది.

ఇక గుణం ఎక్కడి నుంచి వస్తుంది? అక్వినాస్ సద్గుణాలను రెండు రకాలు చేశాడు. అభ్యాసంతో వచ్చేవి కొన్ని, దేవుడు మనిషిలో పోసేవి కొన్ని. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ రెండో రకం. ఎంత సాధన చేసినా అవి సొంతంగా రావు. ఆయనకు ఎనిమిది వందల ఏళ్ల ముందే అగస్టీన్ దీని మీద పెలేజియస్‌తో పోట్లాడాడు. మనిషి తన ప్రయత్నంతో మంచివాడు కాగలడని పెలేజియస్, కృప లేకుండా ఆ ప్రయత్నం కూడా మొదలవదని అగస్టీన్. చర్చి అగస్టీన్ పక్షం తీసుకుంది. 1517లో, ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ ఇంకా ముందుకు వెళ్లాడు. నీతి పనులు చేసి నీతిమంతులం కాము, నీతిమంతులుగా చేయబడ్డాకే నీతి పనులు చేస్తాం అన్నాడు. అరిస్టాటిల్‌ను తలకిందులు చేసే మాట ఇది. మన దగ్గర లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు చర్చిల్లో సద్గుణం అనే మాట ఎక్కువగా వినిపించకపోవడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం. అక్కడ సాత్వికమూ ఆశానిగ్రహమూ ఆత్మ ఇచ్చే ఫలాలు, మనిషి సంపాదించుకున్న డిగ్రీలు కావు.

ఇది తేటగా కనిపించాలంటే ఇద్దరు నేరస్థులను చూడండి. లూకా సువార్తలో యేసు పక్క సిలువ మీద వేలాడుతున్న నేరస్థుడు ఒకడున్నాడు. మేము చేసినదానికి తగిన ఫలమే పొందుతున్నాం అని ఒప్పుకుని, నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగాడు. ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అన్నది జవాబు. అరిస్టాటిల్ లెక్కలో వీడికి సద్గుణమే లేదు. అలవాటు చేసుకోవడానికి ఒక్క రోజు కూడా మిగల్లేదు, చేతులకు మేకులు. అతను చేసిందల్లా పక్కనున్నవాడి వైపు తిరగడం. క్రైస్తవం దృష్టిలో అది చాలు.

బుద్ధుడి బోధల ఇంకో సంకలనం మజ్ఝిమ నికాయంలో అంగుళిమాలుడు ఉన్నాడు. మనుషుల్ని చంపి వేళ్లు మాలగా వేసుకున్నవాడు. బుద్ధుణ్ణి కలిశాక భిక్షువై, ఒంటరిగా సాధన చేసి అర్హంతుడయ్యాడు, అంటే పూర్తిగా విముక్తి పొందాడు. అక్కడితో కథ ఆగదు. శ్రావస్తిలో భిక్షకు వెళ్తే మట్టిగడ్డ ఒకటి, కర్ర ఒకటి, పెంకు ఒకటి వచ్చి తగిలాయి. తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, చీవరం చిరిగి బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు ఓర్చుకో అన్నాడు. నరకంలో వేల ఏళ్లు అనుభవించాల్సిన ఫలాన్ని ఇక్కడే, ఇప్పుడే అనుభవిస్తున్నావు అన్నాడు. మనసు పూర్తిగా శుద్ధమైంది, కానీ పాత కర్మ ఖాతా ఎవరూ కొట్టివేయలేదు. కొట్టివేసేవాడు అసలు లేడు. క్రూరంగా అనిపించవచ్చు గానీ, అంగుళిమాలుడి మార్పు ఎవరి దయా కాదు, అతను చేసుకున్నదే అన్న గౌరవం కూడా ఇందులోనే ఉంది.

రెండు వైపులా మినహాయింపులున్నాయి, చెప్పకపోతే అన్యాయం. జపాన్‌లో 13వ శతాబ్దపు షిన్రాన్ బౌద్ధుడే. సొంత ప్రయత్నం మీద నమ్మకం వదిలేసి అమితాభ బుద్ధుడి సంకల్పం మీద ఆనుకోమన్నాడు. మంచివాడికే ముక్తి దొరుకుతుందంటే చెడ్డవాడికి ఇంకెంత తప్పకుండా దొరుకుతుంది అన్న మాట ఆయన పేరు మీదే ఉంది. లూథర్ వింటే లేచి నిలబడేవాడు. అటు తూర్పు క్రైస్తవ సంప్రదాయం, కృపా మనిషి ప్రయత్నమూ కలిసి పనిచేస్తాయంటుంది. అందుకే పైన నేను గీసిన గీత గోడేమీ కాదు. అయినా రెండు సంప్రదాయాల బరువు ఎటు వాలుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇక్కడ మొదలవుతుంది: దొంగ సద్గుణాలు. మంచితనంలా కనిపిస్తూ మంచితనం కానివాటిని పట్టుకోవడంలో రెండు సంప్రదాయాలూ ఆరితేరినవే.

మజ్ఝిమ నికాయంలోనే, రంపం ఉపమానం వచ్చే సుత్తంలో, వేదేహిక కథ ఉంది. శ్రావస్తిలో ఒక ఇల్లాలు. చాలా మెత్తనిది, శాంతమూర్తి అని ఊరంతా పేరు. ఆమె దగ్గర కాళి అనే దాసి. పనిమంతురాలు. కాళికి ఒక రోజు అనుమానం వచ్చింది: అమ్మగారికి లోపల కోపం లేకనే ఇలా ఉన్నారా, ఉన్నా బయటపడట్లేదా, లేక నేను పని చక్కగా చేస్తున్నాను కాబట్టి పడాల్సిన అవసరం రావట్లేదా? చూద్దామని మర్నాడు పొద్దెక్కాక లేచింది. ‘ఏమే కాళీ, ఇంత ఆలస్యంగా లేచావేం?’ ‘ఏం లేదమ్మా.’ ఆమె మొహం చిట్లించింది. తర్వాతి రోజు ఇంకా ఆలస్యంగా లేచింది. ఈసారి తిట్లు. మూడో రోజు మరీ ఆలస్యం. వేదేహిక తలుపు గడియ తీసి కాళి తల మీద కొట్టింది. రక్తం కారుతున్న తలతో కాళి వీధిలోకి వెళ్లి, చూడండమ్మా ఈ శాంతమూర్తి చేసిన పని అంది. అప్రియమైన మాట తగలనంత సేపు భిక్షువు కూడా మహా శాంతంగానే ఉంటాడు, తగిలినప్పుడే తెలుస్తుంది అని బుద్ధుడి ముక్తాయింపు. అంటే వేదేహిక శాంతం గుణం కాదు, పరిస్థితి. కారణాలు కుదిరాయి కాబట్టి అలా ఉంది, అవి మారాయి, అదీ మారింది.

అయిదో శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు దీన్నే శాస్త్రంగా రాశాడు. (ఆయన తెలుగు ప్రాంతం నుంచి వెళ్లినవాడని కొందరు పండితులు వాదించారు.) ఆయన ప్రతి మంచి గుణానికీ ఇద్దరు శత్రువుల్ని చూపించాడు, దూరపు శత్రువు ఒకటి, దగ్గరి శత్రువు ఒకటి. మైత్రికి దూరపు శత్రువు ద్వేషం, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు మమకారం. అదీ ప్రేమలాగే నవ్వుతుంది, ఎదుటివాడి మంచినే చూస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం. కరుణకు దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు ఇంటి చింతల్లోంచి పుట్టే దుఃఖం. ఉపేక్షకు, అంటే అందరి పట్లా సమంగా నిలిచే మనసుకు, దగ్గరి శత్రువు అజ్ఞానంతో వచ్చే పట్టనితనం. మన ఇళ్లలో ‘నీ మంచి కోసమేరా’ అంటూ పిల్లల పెళ్లిళ్లూ చదువులూ నిర్ణయించే ప్రేమలో మైత్రి ఎంత, మమకారం ఎంత అని అడిగితే బుద్ధఘోషుడి ఉపయోగం తెలుస్తుంది.

క్రైస్తవ సన్యాసులు ఇంకో రకం దొంగను పట్టుకున్నారు. నాలుగో శతాబ్దం చివర ఈజిప్టు ఎడారిలో ఎవాగ్రియస్ ఎనిమిది దుష్ట ఆలోచనల జాబితా రాశాడు, ఆ విద్యను కాసియన్ అనే సన్యాసి లాటిన్ ప్రపంచానికి తీసుకెళ్లాడు. తర్వాత పోప్ గ్రెగరీ చేతిలో అదే ఏడు ఘోర పాపాలుగా మారింది. ఆ ఎనిమిదిలో కీర్తికాంక్ష గురించి కాసియన్ చెప్పే ఉల్లిపాయ పోలిక గుర్తుండిపోతుంది. ఒక పొర ఒలిస్తే కింద ఇంకో పొర. మంచి బట్టలు కట్టి గర్వపడనివాణ్ణి చిరిగిన బట్టలతో గర్వపడేలా చేస్తుంది. మిగతా దోషాలు సద్గుణం పెరిగితే తగ్గుతాయి. ఇది మాత్రం సద్గుణాన్నే తిని బలుస్తుంది. లూకా సువార్తలో యేసు చెప్పిన కథలోని పరిసయ్యుడు, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, ఈ జబ్బువాడే. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదో వంతు కానుక, రెండూ నిజమే. చెడిపోయింది ఒక్కటే, ఆ ప్రార్థన దేవుడి ముందు నిలబడి ఇంకొకడితో పోల్చుకునే ప్రసంగమైపోయింది. వెనకెక్కడో నిలబడి తల ఎత్తకుండా గుండెలు బాదుకున్న సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు, అందరి దృష్టిలో పాపి) నీతిమంతుడుగా ఇంటికి వెళ్లాడు.

ఇక్కడే గమనించండి. వేదేహిక గుణాన్ని బయటపెట్టింది ఒక పరీక్ష, కారణాలు మార్చి చూసిన ప్రయోగం. పరిసయ్యుడి గుణాన్ని బయటపెట్టింది ఒక చూపు, ఎవరి ముందు నిలబడ్డాడో వాడి చూపు. బౌద్ధం మంచితనంలో అజ్ఞానం ఎక్కడ దాక్కుందో వెతుకుతుంది. క్రైస్తవం మంచితనంలో గర్వం ఎక్కడ దాక్కుందో వెతుకుతుంది.

ఎవాగ్రియస్ జాబితాలో మధ్యాహ్నపు దయ్యం అని ఇంకో ఆలోచన ఉంది. సాధనలో కూర్చున్న సన్యాసికి పగటిపూట వచ్చే నిస్సత్తువ. సూర్యుడు కదలనట్టుంటుంది, పగలు యాభై గంటలు అనిపిస్తుంది, కిటికీ వైపు పదేపదే చూపు పోతుంది, ఎవరైనా వస్తున్నారేమోనని. ఈ చోటు బాగాలేదు, ఇంకెక్కడికైనా వెళ్తే సాధన బాగా సాగుతుంది అనిపిస్తుంది. (ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లకు వివరించక్కర్లేదు.) బౌద్ధంలో దీనికి చుట్టం అయిదు నీవరణాల్లో (ధ్యానానికి అడ్డుపడేవి) ఒకటైన థీనమిద్ధం, బద్ధకమూ మగతా. శిష్యుడు మొగ్గల్లానుడు సాధనలో కూర్చుని తూలుతుంటే బుద్ధుడు ఇచ్చిన సలహాలు అంగుత్తర నికాయంలో ఉన్నాయి. ఏ ఆలోచన వల్ల నిద్ర వస్తోందో దాన్ని వదిలెయ్. పోకపోతే విన్న ధర్మాన్ని మననం చెయ్, పైకి వల్లించు. అప్పటికీ పోకపోతే చెవులు లాగుకో, ఒళ్లు రుద్దుకో. లేచి కళ్లు నీళ్లతో కడుక్కో, దిక్కులూ నక్షత్రాలూ చూడు. వెలుగును తలచుకో. అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే, లేవాలన్న సంకల్పంతో కుడిపక్కకు తిరిగి పడుకో. ఒక్క మందు కూడా మంత్రం కాదు, అన్నీ కారణం మీద కొట్టే దెబ్బలే. ఆఖరుది మరీ నచ్చుతుంది నాకు, నిద్ర వస్తే పడుకో అని చెప్పగలిగిన గురువు.

ఎవాగ్రియస్ మందు వేరు. గది వదలకు, కన్నీళ్లతో ప్రార్థించు, ఆ ఆలోచనకు లేఖనంతో ఎదురు చెప్పు. ప్రతి దుష్ట ఆలోచనకూ జవాబుగా చెప్పాల్సిన బైబిలు వాక్యాలతో ఆయన ఒక పుస్తకమే రాశాడు. అరణ్యంలో సాతానుకు యేసు వాక్యంతో బదులిచ్చినట్టు. అంటే నిస్సత్తువ కూడా అక్కడ ఒక సంభాషణే. ఒక పక్క దయ్యం, ఒక పక్క దేవుడు, మధ్యలో మాట్లాడే మనిషి. బౌద్ధ కథల్లో కూడా మనసును చెదరగొట్టే మారుడు అప్పుడప్పుడూ కనిపిస్తాడు గానీ, అతని మీద గెలుపంటే ‘నిన్ను గుర్తుపట్టాను’ అనడమే.

ఇప్పుడు నాన్నగారి ప్రశ్న. అది మీరు నేరుగా అడగలేదు, కానీ మీ ఉత్తరం మధ్యలో ఉంది: ‘అన్యాయం చూసి కోపం రాకపోతే అది సద్గుణమా?’ ఇక్కడ రెండు దారులూ నిజంగా విడిపోతాయి. అక్వినాస్ ప్రకారం వివేకం అదుపులో ఉన్న కోపం మెచ్చుకోదగ్గది, రావలసిన చోట కోపం రాకపోవడం కూడా దోషమే. యేసు తాళ్లతో కొరడా చేసి దేవాలయంలో వ్యాపారుల్ని తరిమాడు. ‘కోపపడుడి గాని పాపము చేయకుడి’ అని ఎఫెసీయుల పత్రిక, ఆ వెంటనే సూర్యుడు అస్తమించేలోపు ముగించమని గడువు కూడా పెట్టింది. బౌద్ధంలో ఈ వెసులుబాటు లేదు. లోభం, ద్వేషం, మోహం మూడూ విషమూలాలు, వాటిలో న్యాయమైన ద్వేషం అని ఒక రకం లేదు. రంపంతో రెండు వైపులా పట్టుకుని అవయవాలు కోస్తున్నా, కోసేవాడి మీద ద్వేషం తెచ్చుకున్నవాడు నా మాట పాటించినట్టు కాదు అంటాడు బుద్ధుడు. ఎదుటివాడి మీద విసరడానికి నిప్పుకణిక చేత్తో పట్టుకున్నవాడు ముందు తనే కాలతాడు అంటాడు బుద్ధఘోషుడు.

మీ నాన్నగారు వేదేహిక కథ చదివితే బుద్ధుడు ఆపిన చోట ఆగరు. పగిలింది కాళి తల. సుత్తం యజమానురాలి కోపం గురించి మాట్లాడుతుంది, దాసీతనం గురించి మాట్లాడదు. క్రైస్తవం వైపు కూడా ఇంతే. పారిపోయిన బానిస ఒనేసిమును ఇకమీదట దాసునిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకో అని పౌలు ఫిలేమోనుకు రాశాడు, గొప్ప మాటే, కానీ బానిసత్వమే తప్పు అని రాయలేదు. న్యాయాన్ని నాలుగు ముఖ్య గుణాల్లో ఒకటిగా పెట్టిన అక్వినాస్ కూడా బానిసత్వాన్ని కాదనలేదు. సద్గుణ నీతికి ఇదే పెద్ద బలహీనత. మనిషి మనసును ఎంత లోతుగా చూస్తుందో, మనుషుల మధ్య ఏర్పాటును అంత తక్కువగా చూస్తుంది.

బౌద్ధంలో దీనికి విత్తనాలు లేకపోలేదు. చక్కవత్తి సీహనాద సుత్తంలో రాజు పేదలకు ధనం ఇవ్వలేదు, దాంతో పేదరికం పెరిగింది, దాని నుంచి దొంగతనం, దాని నుంచి ఆయుధాలు, హత్య, అబద్ధం. ఒక్కో అవగుణం వెనుక దాని కారణం. అంబేద్కర్ పట్టుకున్నది ఈ తాడునే. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదు, నా గురువు బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నాను అని 1954 నాటి ఆకాశవాణి ప్రసంగంలో చెప్పారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల వరస చూడండి. మనుషులంతా సమానమని నమ్ముతాను అన్నది తొమ్మిదోది, సమానత్వ స్థాపనకు పాటుపడతాను అన్నది పదోది. అష్టాంగ మార్గం పదకొండోది, పది పారమితలు పన్నెండోది. ఆ వరస కాకతాళీయం అని నేను అనుకోను. నాన్నగారు అనుసరించే బౌద్ధంలో న్యాయం సద్గుణాలకు ముందు మెట్టు. అందుకే మీకు నాన్నగారి మాటల్లో బుద్ధఘోషుడి కంటే, పేదలకు న్యాయం చేయమని గర్జించిన బైబిలు ప్రవక్త ఆమోసు ఎక్కువగా వినిపించినా ఆశ్చర్యపోకండి.

రెండూ ఎంత దగ్గరికి వస్తాయో కూడా చూడాలి. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఒక ఘట్టం. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకుని తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ చూడట్లేదు. ఎందుకంటే, నేను ఎవరికీ ఏమీ చేయను కాబట్టి అన్నాడు. బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందరినీ పిలిచి, మీకు ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు. మత్తయి 25వ అధ్యాయం తెలిసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఆకలిగొన్నవాడికి, రోగికి, చెరసాలలో ఉన్నవాడికి చేసింది నాకు చేసినట్టే అన్న మాట అక్కడుంది.

మాట దాదాపు ఒకటే. కానీ ఆ తర్వాత బుద్ధుడు ఏం చెప్పాడో చూడండి. మంచి పరిచారకుడికి అయిదు లక్షణాలు: మందు తయారు చేయడం రావాలి; ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి; లాభం కోసం కాక మైత్రితో చేయాలి; మలం, మూత్రం, ఉమ్మి, వాంతి ఎత్తిపోయడానికి అసహ్యపడకూడదు; ధర్మం చెప్పి ధైర్యం ఇవ్వగలగాలి. దయ ఉంటే చాలదు, చేతనవ్వాలి కూడా. మత్తయిలో ఈ వివరం లేదు, అక్కడ ఉన్నది ఒక గుర్తింపు: ఆ రోగిలో ఉన్నది క్రీస్తే. సేవ చేసినవాళ్లకు ఆ సంగతి అప్పుడు తెలియదు కూడా, ఎప్పుడు చూశాం ప్రభువా అని ఆశ్చర్యపోతారు.

మన నేలతో సంబంధం ఉన్న ఉదాహరణ ఇంకొకటి ఉంది. శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం చెప్పే రత్నావళిలో నాగార్జునుడు ఖైదీల గురించి మాట్లాడతాడు. విడుదల చేసేదాకా వాళ్లకు మంగలి, స్నానం, తిండి, నీళ్లు, మందు, బట్ట ఏర్పాటు చెయ్ అంటాడు. ఘోరమైన నేరం చేసినవాళ్ల మీదే ఎక్కువ కరుణ చూపించు, దారితప్పిన బిడ్డల్ని దండించినట్టు దండించు, ద్వేషంతోనో డబ్బు కోసమో వద్దు అంటాడు. ఖైదీలో దేవుడు ఉన్నాడని ఆయన అనడు. ఖైదీకి మంగలి కావాలి అంటాడు. ఈ పొడి వాక్యం నాకు చాలా ప్రసంగాల కంటే ఎక్కువ ఇష్టం.

ఇక అమ్మగారి మైత్రీ భావన. చేయవచ్చు. మెత్తగా కూర్చుని అందరి మేలూ కోరుకోవడంలో ఏ చర్చికీ అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. కాకపోతే బుద్ధఘోషుడు చెప్పిన క్రమంలో పూర్తిగా చేస్తే ఒక చోట ఆమెకు అడ్డు తగులుతుంది, అది ముందే తెలియడం మంచిది. ఆ సాధన తనతో మొదలవుతుంది. తర్వాత ఇష్టమైనవారు, తర్వాత ఏ భావమూ లేనివారు, ఆఖర్న శత్రువు. నలుగురి మధ్యా గీతలు చెరిగిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఆయన ఒక పరీక్ష పెట్టాడు. నువ్వు, నీకు ఇష్టమైనవాడు, మామూలువాడు, శత్రువు ఒకచోట కూర్చున్నారు. బందిపోట్లు వచ్చి బలి ఇవ్వడానికి ఒకణ్ణి ఇవ్వమన్నారు. ఫలానావాణ్ణి తీసుకోండి అంటే గీత చెరగలేదు, సరే. ‘వాళ్లను వదలండి, నన్ను తీసుకోండి’ అన్నా కూడా చెరగలేదట! తనకు హాని కోరుకుంటూ మిగతా ముగ్గురికి మేలు కోరుకున్నాడు కాబట్టి. నలుగురిలో ఎవరినీ ఇవ్వాలని తోచనప్పుడే సాధన పూర్తయినట్టు.

ఇది విన్న క్రైస్తవుడు ఎవరైనా ఉలిక్కిపడతాడు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకంటే ఎక్కువైన ప్రేమ లేదని యోహాను సువార్త. 1941లో ఆష్విట్జ్‌లో పదిమందిని ఆకలితో చంపడానికి ఎంచినప్పుడు, భార్యాపిల్లలున్న ఒక ఖైదీ ఏడుపు విని మాక్సిమిలియన్ కోల్బే అనే ఫాదర్ ముందుకు వచ్చి అతని స్థానంలో వెళ్లాడు. కాథలిక్కులు ఆయన్ను 1982లో పునీతుణ్ణి చేశారు. బుద్ధఘోషుడి పరీక్షలో కోల్బే తప్పినట్టేనా? నా లెక్కలో కాదు. అది ధ్యానంలో మనసు సమంగా ఉందో లేదో చూసే పరీక్ష, కొలిమిలో నిలబడ్డ మనిషికి పెట్టే నియమం కాదు. జాతక సంప్రదాయంలో ఆకలిగొన్న ఆడపులికి ఒళ్లు అర్పించిన బోధిసత్వుడు ఉన్నాడు, బౌద్ధులు ఆయనకు మొక్కుతారు. కానీ గురి మాత్రం వేరు. ఎవాగ్రియస్ దగ్గర కూడా మనసు నిశ్చలం కావాలి, కానీ ఆ నిశ్చలతకు పుట్టే బిడ్డ ప్రేమ అంటాడు. నిశ్చలం ముందు, ప్రేమ తర్వాత. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాల్లో మైత్రి ముందు, ఉపేక్ష ఆఖర్న.

అందుకని అమ్మగారు మైత్రితో మొదలుపెట్టి, శత్రువు దాకా వెళ్లి, అక్కడ ఆ శత్రువు కోసం ప్రార్థన చేసి లేవవచ్చు. బందిపోట్ల పరీక్ష నాన్నగారికి వదిలేయమనండి. పొద్దున్నే కూర్చునేట్టయితే మొగ్గల్లానుడి చిట్కాలు ఇద్దరికీ పనికొస్తాయి, చెవులు లాగుకోవడంతో సహా.